పెట్టె అడుగున చీటీ

మన సంఘ భవనంలో నెలకొక ఆదివారం కార్యవర్గం సమావేశమవుతుందన్న సంగతి పాఠకులకు విదితమే. ఆ సమావేశం ముగిసి, ఉప్మా కాఫీలు పూర్తయి, పెద్దలు వక్కపలుకులు నములుతూ కుర్చీలు వెనక్కు జరుపుకునే వేళకు వెనుక వసారాలో మరొక సభ మొదలవుతుంది. దానికి అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు, వందన సమర్పణ అసలే లేదు. పాతికకూ నలభైకీ మధ్య వయసు కుర్రవాళ్ళు పదిమంది, వాళ్ళకు ఏమాత్రం తీసిపోకుండా గొంతు చేసే ఆడపిల్లలు ముగ్గురో నలుగురో, చేతుల్లో ఫోనులు పట్టుకుని పోట్లాడుకుంటారు. ఏ ఫోను మేలు, ఇంటికి ఒక రౌటరు చాలునా మూడు కావాలా, పాస్‌వర్డు ఎంత పొడుగుండాలి, ఇవీ వాదాంశాలు. మేము చాలాకాలంగా కుర్చీ కొంచెం అటు జరుపుకుని వింటున్నాం. వాళ్ళ వాక్యాలలో నామవాచకాలన్నీ ఇంగ్లీషువి, క్రియాపదాలు తెలుగువి, కోపం వచ్చినప్పుడు మాత్రం కన్నడం. అయినా మూడొంతులు బోధపడుతుంది. తక్కిన వంతు సిగ్గు విడిచి అడిగి తెలుసుకున్నాం.

ఫోనుల తగాదా గురించి చెప్పవలసినది తక్కువ. ఆపిల్ పక్షం, ఆండ్రాయిడ్ పక్షం అని రెండున్నవి. అద్వైతానికీ విశిష్టాద్వైతానికీ జరిగిన వాదం లాగా ఇందులో ఎదుటివాడు మతం మార్చుకున్న దాఖలా మేము ఇంతవరకు చూడలేదు. ఏ పక్షం వాడైనా సామాను కొనడానికి పరుగెత్తేది ఎస్.పి. రోడ్డుకే. సదర్ పత్రప్ప వీధి అన్నమాట. చిక్కపేటలో, ఎవెన్యూ రోడ్డులో మన తెలుగువారు తరతరాలుగా దుకాణాలు నడిపిన తావుకు కూతవేటు దూరం. తాతలు చీరలు బేరమాడిన చుట్టుపక్కలనే మనవలు వైర్లు బేరమాడుతున్నారు.

మాకు నిజంగా ఆసక్తి కలిగించినది రౌటర్ల తగాదా. ఒక ఆదివారం అది 2017 నాటి సంగతి మీదికి మళ్ళింది. ఆ యేడాది జూలై ఆఖరున కర్ణాటకలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బాండ్ చందాదారులు వేలమందికి ఉన్నట్టుండి ఇంటర్నెట్ నిలిచిపోయింది. తీగ తెగలేదు, వానకు స్తంభం కూలలేదు. పురుగు పట్టినది ఇళ్ళలోని మోడెం పెట్టెలకు. ప్రతి పెట్టెకూ లోపల సరిచేసుకోవడానికి ఒక తలుపు ఉంటుంది. దానికి ఫ్యాక్టరీలోనే ఒక తాళం వేసి పంపుతారు. చాలా పెట్టెలలో పేరూ ‘అడ్మిన్’, పాస్‌వర్డూ ‘అడ్మిన్’. కొన్నవారు దానిని మార్చుకోవాలి. ఎవరు మార్చుకున్నారు? పెట్టె అడుగున చీటీ ఒకటి అంటించి ఉంటుందనే చాలామందికి తెలియదు. ఆ తెలియనివారి తలుపులే తెరుచుకుని పురుగు లోపలికి వెళ్ళింది. పాస్‌వర్డులు మార్చుకోండని ఆ సంస్థ అప్పుడు చందాదారులను వేడుకున్నది.

ఆ పురుగు ఏమీ దొంగిలించదు. లోపలికి పోయి పెట్టె జ్ఞాపకాన్ని తుడిచివేస్తుంది, అంతే. ఆ తరువాత పెట్టె ఎందుకూ కొరగాదు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో రాడ్‌వేర్ అనే సంస్థవారు ఇటువంటిదానిని పట్టుకుని ‘బ్రికర్‌బాట్’ అని పేరు పెట్టారు. యంత్రాన్ని ఇటుకగా మార్చేది అని అర్థం. దానిని సృష్టించినది తానేనన్న ఒక అజ్ఞాత వ్యక్తి, ‘జానిటర్’ అనగా చెత్త ఊడ్చేవాడు అనే మారుపేరు పెట్టుకుని, ఇక్కడి మోడెముల పని పట్టినదీ తానేనని చెప్పుకున్నాడు. కోటికి పైగా పరికరాలను నిర్జీవం చేశానని అతని లెక్క. 2017 డిసెంబరులో ఇక విరమించానని ప్రకటన కూడా చేశాడు.

ఎందుకు చేశాడయ్యా అంటే, లోకోపకారానికేనట! వసారాలో నిప్పు అంటుకున్నది ఇక్కడే. ఒక కుర్రవాడు జానిటర్ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. అతని వాదం వినదగినదే. 2016లో ‘మిరాయ్’ అని మరొక పురుగు వచ్చింది. అదీ ఇటువంటి పెట్టెలలోకి, గోడ కెమెరాలలోకి, ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే దూరింది. అరవైకి పైగా పేర్లూ పాస్‌వర్డుల జంటల జాబితా ఒకటి దాని చేతిలో ఉన్నది. ఆ జాబితాతో ప్రపంచమంతా తలుపులు తట్టుకుంటూ పోయింది. కానీ అది పెట్టెను చంపదు. బంటుగా పెట్టుకుంటుంది. యజమానికి ఏమీ తెలియదు, ఇంట్లో సినిమాలు వస్తూనే ఉంటవి. ఒక సైగ రాగానే అటువంటి బంట్లు లక్షలకొలది ఒకే గుమ్మం మీద పడి ఊపిరాడకుండా చేస్తవి. అట్లా 2016 అక్టోబరు 21న డైన్ అనే సంస్థ మీద పడితే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి కొన్ని గంటలపాటు ఎందరికో అందలేదు. ఇంతకూ మిరాయ్ సృష్టికర్తలు ముగ్గురు కుర్రవాళ్ళు. మైన్‌క్రాఫ్ట్ అనే పిల్లల ఆట నడిపే వ్యాపారంలోని పోటీ నుంచి ఇదంతా పుట్టింది. 2017 డిసెంబరులో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. “కనుక బాబాయిగారూ, ఆ పెట్టెలు బంట్లయి ఊరిమీద పడకముందే జానిటర్ వాటిని చంపాడు. పిచ్చికుక్కను చంపితే తప్పా?” అని అతను మావంక తిరిగి అడిగాడు.

మేము నోరు విప్పకముందే ఒక అమ్మాయి అందుకున్నది. “మా ఇంటి తాళం లొడితదని మా తలుపు తగలబెట్టే అధికారం నీ జానిటర్‌కు ఎవరిచ్చారు? తలుపు తట్టి చెప్పవచ్చుగా! ఆ పూట ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలాయన మందులకు కబురు చేయాలంటే ఏం చేయాలి?” అన్నది. మా ఓటు ఆ అమ్మాయికే. పరాయివాడి చేతి చీపురు మన చావడిలో ఎంత శుభ్రంగా ఊడ్చినా అది చొరబాటే. అయితే అసలు దోషి వేరే ఉన్నాడని కూడా మేము అన్నాం. లక్షల పెట్టెలకు ఒకే తాళంచెవి చేసి అమ్మినవాడు ఈ తగాదాలో ఎక్కడా కనిపించడేం? ఆ మాటకు ఉభయపక్షాలూ మొట్టమొదటిసారి ఏకమై తలలూపినవి.

ఈ గొడవ వింటూ మూల కుర్చీలో మన సంఘంలోని వృద్ధుడొకరు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఆయన యౌవనమంతా దూరవాణినగర్‌లోని ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో గడిచింది. 1948లో స్వతంత్ర భారత ప్రభుత్వం నెలకొల్పిన కర్మాగారం అది. హెచ్.ఎ.ఎల్., హెచ్.ఎం.టి., బి.ఇ.ఎల్. వలెనే అదీ ఎన్నో తెలుగు కుటుంబాలను ఈ ఊరికి రప్పించి ఇక్కడివాళ్ళను చేసింది. నల్లని బరువైన టెలిఫోను మన ఇళ్ళలోకి వచ్చింది దాని ధర్మమా అనే. “అబ్బాయిలూ, మీరు కొత్తగా కనిపెట్టిన తగాదా ఏమీ కాదిది” అని ఆయన స్ట్రోజర్ కథ ఎత్తుకున్నారు.

అమెరికాలో కాన్సాస్ సిటీ అనే ఊళ్ళో అంత్యక్రియల సామగ్రి సమకూర్చే వ్యాపారి ఒకడుండేవాడు, పేరు ఆల్మన్ స్ట్రోజర్. ఆ రోజుల్లో ఎవరు ఎవరికి ఫోను చేయాలన్నా మధ్య ఆపరేటరమ్మ తీగ కలపవలసిందే. ఊళ్ళో ఎవరైనా పోతే కబురు తనకు రావలసింది పోటీదారుడికి పోతున్నదని, ఆ ఆపరేటరు పోటీదారుడి భార్యేనని అతనికి అనుమానం. కథ అట్లా చెప్పుకుంటారు. ఆ కడుపుమంటతో కూర్చుని, మధ్యమనిషి లేకుండా తీగలు తామే కలుపుకునే యంత్రం కనిపెట్టి 1891లో పేటెంటు పుచ్చుకున్నాడు. మన దేశంలో దశాబ్దాల తరబడి టకటకలాడుతూ పనిచేసిన స్ట్రోజర్ ఎక్స్ఛేంజి అదే. “మధ్యలో ఉన్నవాడు ఏం చేస్తాడోనన్న భయంతోనే మా యంత్రం పుట్టింది. ట్రంక్‌కాలులో పెళ్ళిసంబంధం మాట్లాడుకుంటే ఆపరేటరు వింటుందేమోనని మీ అమ్మమ్మలు సైగభాషలో మాట్లాడేవారు. మీరు దానికిప్పుడు ఎన్‌క్రిప్షన్ అని పేరు పెట్టుకున్నారు” అన్నారాయన. కుర్రకారు చప్పట్లు కొట్టింది.

ఆయన చెప్పినదానికి ఈ ఊళ్ళోనే మరొక నిదర్శనం ఉన్నది. 2015లో బెంగుళూరు యువకుడొకడు తన ఫోనులోని ఇంటర్నెట్ పేజీలలో తాను అడగని అక్షరాలేవో చేరుతున్నవని గమనించాడు. కనెక్షను ఇచ్చే సంస్థ దారిలోనే వాటిని కలుపుతున్నదని కనిపెట్టి, రుజువులతో సహా పదిమందికీ చూపించాడు. అందుకు బహుమానంగా ఆ పరికరం తయారుచేసిన విదేశీ కంపెనీ నుంచి లాయరు నోటీసు అందుకున్నాడు! మధ్యమనిషి పోలేదన్నమాట. వేషం మార్చాడు.

పాస్‌వర్డుల విషయంలో మాత్రం వసారావారు మాకు ఒక ఉపకారం చేశారు. నెలనెలా మార్చాలి, పెద్దక్షరం, అంకె, చుక్క అన్నీ ఉండాలి అని ఆఫీసుల్లో మనల్ని యేళ్ళ తరబడి వేధించారు గదా! ఆ నియమాలకు మూలం 2004లో అమెరికా ప్రమాణాల సంస్థ వెలువరించిన పత్రం. 2017లో ఆ సంస్థే అవన్నీ అక్కరలేదు పొమ్మన్నది. పాస్‌వర్డు బయటపడిందని తెలిస్తే మార్చాలి తప్ప ఊరికే మార్పించకూడదు, చుక్కలకన్నా పొడవు ముఖ్యం అన్నది. పాత పత్రం వ్రాసిన అధికారి కూడా ఆనాడు వ్రాసినదానికి విచారిస్తున్నానన్నాడు. అందుచేత ఒకదానితో ఒకటి పొత్తులేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకుంటే చాలునట. చింతపండు, రైలు, గొడుగు, మంగళవారం, ఇట్లా. (ఇది అచ్చయిపోయింది గనుక ఇక పనికిరాదు. ఎవరికి వారు వేరే వెతుక్కోవాలి సుమా!)

ఇక చెప్పబోయేది వ్రాయాలా వద్దా అని రెండు నెలలు తటపటాయించాం. ఆ తల్లి స్వయంగా “వ్రాయండి, పేరు మాత్రం వద్దు” అన్నారు గనుక వ్రాస్తున్నాం.

వసారా సభలో అందరికన్నా ధాటిగా మాట్లాడే కుర్రవాడొకడున్నాడు. విదేశీ సంస్థల నెట్‌వర్కులలోకి దొంగలు దూరకుండా కాపలా కాయటం అతని ఉద్యోగం. అతని అమ్మమ్మగారు డెబ్బైనాలుగేళ్ళ మనిషి, ఒకప్పుడు బడిపంతులమ్మ. ఒక బుధవారం ఉదయం ఆమెకు ఫోను వచ్చింది. మీ పేర కొరియరులో ఒక పార్శిలు పట్టుబడింది, అందులో మాదకద్రవ్యాలున్నవి అన్నారు. ఆ వెంటనే వీడియోలో ఖాకీబట్టల మనిషి, వెనుక గోడమీద ముద్ర, బల్లమీద ఫైళ్ళు. మిమ్మల్ని ‘డిజిటల్ అరెస్టు’ చేశాం, కెమెరా ముందునుంచి కదలరాదు, ఎవరికైనా చెబితే వాళ్ళనూ అరెస్టు చేస్తాం అన్నాడు. ఏడు గంటలసేపు! ఆమె ఫోనును కందిపప్పు డబ్బాకు ఆనించి చారు పెట్టారు. మంచినీళ్ళు తాగాలన్నా అనుమతి అడిగారు. మధ్యాహ్నం మనవడు మేడమీదినుంచి భోజనానికి దిగితే వడ్డించారు. కళ్ళెందుకు అట్లా ఉన్నవని అతను అడిగితే ఉల్లిపాయ అన్నారు. అతను తిని పైకి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఆమె ఆటోలో బ్యాంకుకు వెళ్ళి 3,80,000 రూపాయలు వాళ్ళు చెప్పిన ఖాతాకు పంపి వచ్చారు. ఎందుకమ్మా అని గుమాస్తా అడిగితే ఏం చెప్పాలో కూడా వాళ్ళే నేర్పారట.

ఆ ఇంటి వైఫై పాస్‌వర్డు ఇరవై రెండు అక్షరాలు. ఆ సమయానికి మేడమీద మనవడు ఏదో పరదేశపు ఆఫీసులో ఎవరో అపరిచితుడు లోపలికి రావడానికి ప్రయత్నిస్తున్నాడని గంట మోగితే, ఆ అపరిచితుణ్ణి వెతుకుతున్నాడు.

ఆమె ఈ సంగతి తొమ్మిది రోజులదాకా ఎవరికీ చెప్పలేదు. అప్పటికి సొమ్ము ఎన్ని ఖాతాలు దాటిపోయిందో! ఎందుకు చెప్పలేదమ్మా అని మేము అడిగాం. పోలీసు భయమనుకున్నాం. “భయం మొదటి రోజే పోయిందండీ, మరునాటికే మోసమని అర్థమయింది. వాడు నవ్వుతాడని చెప్పలేదు. పోయినేడు ఫోనులో ఏదో లింకు వస్తే ఇదేమిటిరా అని అడిగాను. ‘ఇది కూడా తెలియదా అమ్మమ్మా’ అన్నాడు. ఆ మాట అడ్డు వచ్చింది” అన్నారు.

పక్కనే కూర్చున్న ఆ కుర్రవాడు తలెత్తలేదు. ఆ తరువాత రెండు నెలలు వసారాకూ రాలేదు. వసారాకూ కళ తప్పింది.

చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. వీడియోలో అరెస్టు చేసే పోలీసు ఈ దేశంలో లేడు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో ఈ మాటే చెప్పారు. 2025 డిసెంబరు 1న సుప్రీంకోర్టు ఈ మోసాల దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. అంతదాకా వెళ్ళిన సంగతిలో ఒక ముసలమ్మ మోసపోయిందని నవ్వటం ఏపాటి న్యాయం? 2024 చివర ఈ బెంగుళూరులోనే ఒక సాఫ్ట్‌వేరు ఇంజనీరు ఇదే మాయలో రు. 11.8 కోట్లు పోగొట్టుకున్నట్లు పత్రికలన్నీ వ్రాసినవి. అతనికి పాస్‌వర్డుల సంగతి తెలియదని ఎవరైనా అనగలరా? జేబు కొట్టేవాడు తాళం జోలికి పోడు. మనిషిని కంగారుపెడతాడు.

పోగొట్టుకున్నవారు చేయవలసినది ఒక్కటే, తొందరపడటం. 1930 అనే నెంబరుకు తక్షణం ఫోను చేయాలి, లేదా ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో ఫిర్యాదు ఇవ్వాలి. సొమ్ము ఇంకా మొదటి ఖాతాలోనో రెండవ ఖాతాలోనో ఉండగా చెబితే అక్కడ స్తంభింపజేయటానికి వీలుంటుంది. గంటల మీద తేడా. సిగ్గుపడుతూ కూర్చున్న ప్రతి గంటా దొంగకు మనం చదివించిన కట్నం. సైబరు నేరాలకని దేశంలో మొట్టమొదటి పోలీసు ఠాణా 2001లో ఈ ఊళ్ళోనే వెలిసింది. పరువు పోతుందని వెనుకాడవద్దు, వాళ్ళు ఇటువంటివి రోజూ వింటున్నారు.

మూడవ నెలలో కుర్రవాడు మళ్ళీ వసారాకు వచ్చాడు, అమ్మమ్మగారి చెయ్యి పట్టుకుని. ఆ రోజు ఫోనుల పోట్లాట జరగలేదు. ఆవిడను కుర్చీ వేసి కూర్చోబెట్టి, దొంగలు వరుసగా ఏమేమి అడిగారో, ఏ మాటకు భయం వేసిందో, ఏ నిమిషాన అనుమానం తట్టిందో అన్నీ చెప్పించుకున్నారు. ఒక అమ్మాయి పుస్తకంలో వ్రాసుకున్నది. పంతులమ్మ గారు గదా, మధ్యలో ఎవరో గుసగుసలాడితే “అటు వెనుక ఎవరది?” అని గదమాయించారు కూడా. మాకు ప్రాణం లేచివచ్చింది.

ఆవిడే ఒక ఉపాయం చెప్పారు. ఈ రోజుల్లో గొంతును కూడా యంత్రం అనుకరిస్తుందట. “అమ్మమ్మా, ఆపదలో ఉన్నాను, డబ్బు పంపు” అని మనవడి గొంతే వినిపించవచ్చు. కనుక ఇంటికొక గుట్టుమాట ఉండాలన్నారు. ఫోనులో ఎవరు ఎంత ఏడ్చినా ముందు ఆ మాట అడగటం. వారింట్లో అది పుట్టింటి పాడి ఆవు పేరట. చూడండి, ఇదివరకే మీకు సగం చెప్పేశాం! వారు అప్పుడే మార్చుకున్నారు గనుక ఫరవాలేదు.

వచ్చే సమావేశం నాడు కార్యవర్గానికి ముందే, పది గంటలకు, వసారావారు పెద్దలందరి ఇళ్ళ రౌటర్ల పని చూడదలచారు. ఎవరూ పెట్టెలు మోసుకు రానక్కరలేదు. పెట్టెను బోర్లించి అడుగున ఉన్న చీటీ ఫోటో ఫోనులో తీసుకువస్తే చాలు, లోపలి తలుపు తాళం ఇంట్లో కూర్చుని ఎట్లా మార్చుకోవాలో చూపిస్తారు. ఎదుటివారు ఏమి అడిగినా “ఇది కూడా తెలియదా” అన్న మాట వాడరాదని వసారావారు తమకు తామే ఒక కట్టడి చేసుకున్నారు. తప్పితే ఆ పూట అందరికీ కాఫీ ఖర్చు వారిది.

ఒక్క మనవి. ఫోటో తీసుకురండి అన్నామే గాని పంపండి అనలేదు. ఈ ప్రకటన వెలువడిన సాయంత్రమే మన పెద్దలొకరు అత్యుత్సాహంతో తమ చీటీ ఫోటోను, పాస్‌వర్డుతో సహా, రెండువందల పన్నెండుమంది ఉన్న సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. ఆ రాత్రే మనవడు స్కూటరు మీద వారింటికి వెళ్ళి మార్చి వచ్చాడు. కొత్తది ఏమిటని మేము వారిని అడగలేదు. అడిగితే చెప్పేస్తారు.